తాంబూలం తీసుకోని మేళం

తిరువూరు బస్టాండు వెనక సందులో ఏడుకొండలు సెలూను ఉంది. అక్కడ గడ్డం గీయించుకున్న ప్రతి ఒక్కరికీ బంగారు కడియం కథ తెలుసు. కత్తి గవద కింద ఉండగా చెబుతాడు కాబట్టి మధ్యలో లేచిపోవడానికి వీలుండదు.

ఏడుకొండలు ముత్తాత ఒక సంస్థానంలో ఆస్థాన నాదస్వర విద్వాంసుడు. ఒకనాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక రాజుగారు ఊదమన్నారు. ముత్తాత కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. రాజుగారు పరవశించి కళ్ళు మూసుకున్నారు. దీపాలు పెట్టే వేళకు కళ్ళు తెరిచి, తన చేతి కడియం తీసి ముత్తాత చేతికి తొడిగారు. ఇక్కడికి వచ్చేసరికి ఏడుకొండలు కత్తి ఆపి అద్దంలో మన మొహం చూస్తాడు. మనం "అబ్బో" అనాలి. అంటేనే రెండో చెంప పని మొదలవుతుంది.

ఆ సెలూను పక్క కొట్టు నాది. డోళ్ళకూ డప్పులకూ తోలు మూస్తాను. మధ్యలో ఉన్నది రేకు గోడ కాబట్టి గడ్డం గీయించుకోకుండానే ఆ కథ వింటూ వచ్చాను. కడియం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ఏ తరంలో కరిగిపోయిందో తెలియదనేవాడు. అది నిజమే. వాళ్ళింట్లో మిగిలింది కడియం కాదు, ఒక కట్టుబాటు. తాంబూలం చేతిలో పడేదాకా సన్నాయి పీక నోట్లోంచి తీయకూడదు.

ఆ కట్టుబాటు దర్బారులోంచి వచ్చింది. రాజు ఊదమన్నాక, ఇక చాలని చెప్పడానికి గుర్తు తాంబూలం. ఆకూ వక్కా ఇచ్చాడంటే విద్వాంసుడికి సెలవు దొరికినట్టు. ఇవ్వకపోతే ఊదుతూనే ఉండాలి. రాజులు పోయారు, జమీందార్లు పోయారు. మా మెట్ట ప్రాంతంలో పెద్ద రైతుల ఇళ్ళు ఆ మర్యాద అందుకున్నాయి. ఫలానా ఇంటికి ఫలానా వాళ్ళ మేళం అని ఉండేది. పెళ్ళి అయ్యాక ఆ ఇంటి పెద్ద తన చేత్తో తాంబూలం ఇస్తేనే మేళం గుమ్మం దిగేది.

ఏడుకొండలు వాళ్ళకు అలాంటి ఇల్లు పెనుగొలనులో నాగేంద్రమ్మ గారిది. ఆమె పెళ్ళికి ఊదింది ఏడుకొండలు తండ్రి కోటయ్య. ఆమె పిల్లల పెళ్ళిళ్ళకు తండ్రీ కొడుకులు కలిసి ఊదారు. ఆమెకు చదువు పెద్దగా లేదు గాని చెవి ఉంది. శ్రుతి కాస్త పక్కకు పోతే వంటింట్లోంచే దగ్గేవారు. కడియం కథకు అడ్డం వచ్చే మనిషి కూడా ఆమె ఒక్కరే.

"కళ్ళు మూసుకోవడం కాదు ఏడుకొండలూ, నిద్రపోయాడు. మీ నాన్నే చెప్పాడు నాకు."

"అమ్మగారూ, కథ చెడగొడుతున్నారు."

"చెడగొట్టింది నువ్వు. కడుపునిండా తిని రాజు గురకపెట్టాడు. లేపడానికి ఎవడికీ ధైర్యం లేదు. ఆకు వక్క ఇచ్చేవాడు లేడు. మీ ముత్తాత ఆపడానికి లేక ఊదీ ఊదీ పెదవి పగిలి, సన్నాయి మీద నెత్తురు కారింది. రాజు లేచి అది చూసి సిగ్గుపడి ఇచ్చాడు ఆ కడియం. ఇది చెప్పు జనానికి."

ఏడుకొండలు నవ్వేసేవాడు. మర్నాడు సెలూనులో రాజు మళ్ళీ పరవశించేవాడు.

మనిషి గొప్పలకు పోయినా పనిలో లోటు చేసేవాడు కాదు. రెల్లుతో పీకలు తనే కట్టుకునేవాడు. ముహూర్తం ముందు వాటిని నోట్లో నానబెట్టుకుని చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సన్నాయిని నేల మీద పెట్టగా నేను చూడలేదు. డోలు వాయించే రామకోటి ఆయనకు బావమరిది. తోలు కాస్త వదులైందంటే ఏడుకొండలే ముందు కనిపెట్టి అతన్ని నా దగ్గరికి తోలేవాడు.

నాగేంద్రమ్మ గారి మనవరాలు సౌజన్య పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ప్రేమ్ కిరణ్‌ది విజయవాడ. పెళ్ళి ఊళ్ళో కాదు, తిరువూరులో ఫంక్షన్ హాల్లో. విజయవాడ నుంచి అభిలాష్ అనే ఈవెంట్ల కుర్రవాడు వచ్చి, మండపాన్ని రాజదర్బారులా వేస్తామన్నాడు. సౌజన్య తండ్రి సురేష్ బాబు అతన్ని సెలూనుకు తీసుకొచ్చాడు. మాటలన్నీ రేకు గోడ ఇవతలికి వినపడ్డాయి.

"అంకుల్, మీరు ఊదనక్కర్లేదు. పట్టుకుని కూర్చుంటే చాలు" అన్నాడు అభిలాష్.

"ఊదకుండా పట్టుకోడానికి అదేమన్నా చేతికర్రా బాబూ?"

"సౌండ్ మేం చూసుకుంటాం అంకుల్. పెళ్ళి లైవ్ వెళ్తుంది. మధ్యలో డోలు పడిందంటే మైకులన్నీ గోల. రికార్డింగ్ రెడీగా ఉంది. మీది ఆస్థాన విద్వాంసుల గెటప్పు. మొహంలో రాజసం ఉండాలి, అంతే."

"మా ముత్తాత నిజంగానే సంస్థానంలో..."

"సూపర్ అంకుల్! ఆ ఫీలే ఇవ్వండి."

సురేష్ బాబు గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు ఏడుకొండలూ, పిల్లల ముచ్చట. నువ్వు కాదంటే వీళ్ళు వేరేవాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు. మా ఇంటి పెళ్ళిలో ఇంకో మేళం కూర్చుంటే బావుంటదా?"

"అమ్మగారికి తెలుసా?"

"అమ్మకి చెబితే పెళ్ళి ఆగిపోద్ది. నువ్వూ చెప్పమాక."

కత్తి నూరే చప్పుడు వినపడింది. తర్వాత ఏడుకొండలు "సరే" అన్నాడు. ఆ రోజంతా అటువైపు నుంచి కడియం కథ రాలేదు.

పెళ్ళికి ముందురోజు బావా బావమరుదులు నా కొట్లో కూర్చున్నారు. డోళ్ళు అభిలాషే తెస్తున్నాడట, బంగారు కాగితం చుట్టినవి. సన్నాయి మాత్రం ఎవరిది వాళ్ళదే. ఏడుకొండలు గుడ్డసంచిలోంచి ఒక పాత సన్నాయి తీశాడు. ఏళ్ళ తరబడి వాళ్ళింటి గోడకు వేలాడుతున్నది అది. అడుగు మూతి పగిలి, ఎప్పుడో లక్కతో అతికించారు. దానికి పీక కూడా లేదు.

"ఇదేంటి బావా?" అన్నాడు రామకోటి.

"రేపు పట్టుకోడానికి."

"నీ సన్నాయో?"

"దసరాకి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టేదాన్ని ఉత్తుత్తిగా నోట్లో పెట్టుకోమంటావా? దాన్ని తేను. వేషానికి ఈ చచ్చింది చాలు."

"పోనీ ఆటోలో అన్నా ఉంచుదాం. నా డోలు కూడా. ఏమో, రికార్డు ఆగిందనుకో."

"ఆ గుమ్మం దాకా కూడా రానివ్వను" అన్నాడు ఏడుకొండలు.

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. పనిముట్టును అవమానించకూడదని అతను అనుకున్నాడు. పొరపాటంతా అందులోనే ఉంది.

హాల్లో ప్లైవుడ్ స్తంభాలు, థర్మాకోల్ సింహాలు. మేకులు కొట్టిన చోట బంగారు రంగు ఊడి తెల్లగా కనిపిస్తోంది. ఏడుకొండలుకూ రామకోటికీ ఎర్ర వెల్వెట్ కోట్లు తొడిగి, తలపాగాలు పెట్టి, మండపం పక్కన ఎత్తు మీద కూర్చోబెట్టారు. రికార్డింగ్ బ్రహ్మాండంగా మోగుతోంది. ఏడుకొండలు పాత సన్నాయి పెదవుల దగ్గర పెట్టుకుని వేళ్ళు ఆడిస్తున్నాడు. రామకోటి బంగారు డోలు మీద చేతులు ఆనించకుండా ఊపుతున్నాడు. నేను భోజనాల పక్క నిలబడి చూశాను. అసలు పని తెలిసినవాళ్ళు దాన్ని నటిస్తుంటే చూడటం కష్టం.

ముందు వరసలో కుర్చీలో నాగేంద్రమ్మ గారు ఉన్నారు. మొదట తల ఊపారు. కాసేపటికి ఊపడం ఆపి ఏడుకొండలు బుగ్గల వైపు చూశారు. ఊదేవాడి బుగ్గలు నిండుతాయి, మెడ నరాలు లేస్తాయి. అవేమీ లేవు. ఆమె చూపు తగలగానే ఏడుకొండలు తల దించుకున్నాడు. ముహూర్తం దాకా ఎత్తలేదు.

ముహూర్తం వచ్చింది. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. ఆ క్షణంలో మేళం ఎందుకు గట్టిగా మోగాలో అందరికీ తెలిసిందే. తాళి పడేటప్పుడు ఏడుపు గాని, చెడ్డమాట గాని, తుమ్ము గాని పెళ్ళికూతురి చెవిన పడకూడదు. సరిగ్గా అప్పుడే వీడియో కుర్రవాడు "ఒక్క నిమిషం, తాళి ఇటు తిప్పండి" అన్నాడు. సౌండు పెట్టెల దగ్గరున్నవాడు అతని సైగ కోసం చూస్తూ రికార్డు ఆపేశాడు. పెళ్ళికొడుకు మాత్రం పంతులుగారి మాట విని తాళి కట్టడం మొదలుపెట్టాడు.

హాలంతా నిశ్శబ్దం.

పంతులుగారు మేళం వైపు తిరిగి "ఏమయ్యా!" అన్నారు. ఏడుకొండలుకు అది వేషమని, చేతిలో ఉన్నది చచ్చిన గొట్టమని ఆ క్షణం గుర్తులేదు. అలవాటు కొద్దీ దాన్ని నోట పెట్టుకుని గుండెల నిండా ఊపిరి లాగాడు. గోడ మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మంతా లోపలికి పోయింది.

తుమ్మాడు.

ఆ నిశ్శబ్దంలో ఆ తుమ్ము చివరి వరస దాకా వినపడింది. మా చర్చి పెళ్ళిళ్ళలో తుమ్ముకు ఈ పట్టింపు లేదు గాని, ఒంటి తుమ్మంటే వీళ్ళకు ఎంత అశుభమో నాకు తెలుసు. రెండోది పడితే దోషం పోయినట్టే లెక్క. అందరూ రెండో తుమ్ము కోసం చూశారు. పంతులుగారు చూశారు, పెళ్ళికొడుకు తల్లి చూసింది. ఏడుకొండలు ముక్కు నలుపుకున్నాడు, ట్యూబులైటు వైపు చూశాడు, ఆ గొట్టంలోంచే మళ్ళీ లాగాడు. రాలేదు. ఈలోగా మూడు ముళ్ళూ పడ్డాయి. అప్పుడు రికార్డు మోగింది.

నాగేంద్రమ్మ గారి అక్షింతలు గుప్పిట్లోనే ఉన్నాయి.

తాంబూలాల వేళకు ఎత్తు మీద రామకోటి ఒక్కడే ఉన్నాడు. ఏడుకొండలు వంటశాల వైపు గుమ్మం గుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ ఎర్రకోటు విప్పడం కూడా మరిచిపోయి బజారు మీదుగా ఇంటికి నడిచాడు.

మర్నాటికల్లా పెళ్ళి వీడియోలో ఆ తుమ్ము ముక్క ఫోన్లలోకి ఎక్కింది. తిరువూరు వాళ్ళు జాలిపడే ముందు నవ్వుతారు. సెలూనులో ఒకాయన కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు, "తుమ్మొచ్చేటట్టుంటే ముందే చెప్పు ఏడుకొండలూ, కత్తి మెడ మీద ఉంటది."

ఇంకొకాయన అందుకున్నాడు. "రాజుగారు కడియం ఇచ్చింది ఊదినందుకా, తుమ్మినందుకా?"

ఏడుకొండలు సబ్బు నురగ రాసి, నున్నగా గీసి, తువాలు దులిపాడు. నవ్వినవాళ్ళ మీద అతనికి కోపం రాలేదు. అదే నాకు బాధ అనిపించింది. పెళ్ళికొడుకు వాళ్ళ వైపు ఎవరో ఆడవాళ్ళు "తాళి వేళ అపశకునం" అని సౌజన్య ముందే అన్నారని తెలిసింది. ఆ మాట విన్న రోజు అతను అన్నం ముట్టలేదు.

వినగడప నుంచి ఒక పెళ్ళివాళ్ళు మేళం కుదుర్చుకోవడానికి వచ్చారు. రానన్నాడు. నేను అటువైపు వెళ్ళి అడిగాను.

"ఎందుకు రానన్నావు? అది వేషం కాదుగా. నిజం మేళమేగా."

"పెనుగొలను తాంబూలం నా చేతిలో పడలేదు శౌరయ్యా. ఆ పని ఇంకా అవ్వలేదు. అది అవ్వకుండా ఇంకో గుమ్మంలో పీక నోట్లో ఎట్టా పెట్టుకోను?"

"వెళ్ళి తెచ్చుకో."

"ఏ మొహంతో? అడిగి తెచ్చుకుంటే అది ముష్టి, తాంబూలం కాదు."

"అమ్మగారు ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే సన్నాయి గోడకి తగిలిస్తా. కత్తీ దువ్వెనా ఉన్నాయిగా" అన్నాడు. అంటూ అద్దం వైపు కాకుండా గోడ వైపు చూశాడు.

పదహారు రోజుల పండుగకు కొత్త దంపతులు పెనుగొలను వచ్చారు. ఆ పొద్దున రామకోటి వచ్చి డోలు తీసుకెళ్ళడానికి బండి కావాలన్నాడు. కొత్త తోలు వేసింది నేనే. ఎండకు ఎలా బిగుస్తుందో చూడాలని నేనే బండి తీశాను. ఏడుకొండలు ఆటోలో వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా. ఒళ్ళో పసుపు గుడ్డలో చుట్టిన అసలు సన్నాయి.

పిలుపు లేదు కాబట్టి గేటు దాటలేదు. రోడ్డు మీదే నిలబడి, పీక నోట్లో తడుపుకుని, కల్యాణి ఎత్తుకున్నాడు. రామకోటి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని డోలు అందుకున్నాడు.

ముందు పిల్లలు వచ్చారు. తర్వాత ఎదురింటి వాళ్ళు. ప్రేమ్ కిరణ్ ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చి వీడియో తీయబోయాడు. వెనక నుంచి సౌజన్య అతని చెయ్యి దించింది. సురేష్ బాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటి ఏడుకొండలూ ఇది? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

ఏడుకొండలు వంగి నమస్కారంలా తల ఊపాడు గాని ఊదడం ఆపలేదు. సురేష్ బాబు జేబులోంచి నోట్లు తీశాడు. ఏడుకొండలు తల అడ్డంగా ఊపాడు.

"ఏం కావాలయ్యా మరి? రామకోటీ, నువ్వన్నా చెప్పు."

"బావనడగండి."

"నోట్లో సన్నాయి పెట్టుకున్నవాడిని ఎట్టా అడగను? ఊరంతా చూస్తున్నారు. మళ్ళీ మా పరువు తీయడానికి వచ్చారా?"

రామకోటి తల దించుకుని డోలు మీదే చూపు ఉంచాడు. అడగొద్దని బావ ఒట్టు వేయించుకున్నాడు మరి. నేను నోరు తెరవబోతే నన్నూ ఏడుకొండలు కళ్ళతోనే ఆపాడు.

వరండా కిటికీ అవతల నాగేంద్రమ్మ గారి తెల్ల చీర కొంగు కనపడుతోంది. ఆమె అటు తిరిగి కూర్చున్నారు. ఆమెకు తెలుసు. ఏం కావాలో, ఏమిస్తే ఆగుతుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కరికే తెలుసు. అయినా కదల్లేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. అతను గొప్పగా ఊదాడని నేను రాయను. మొదట బాగానే ఉంది. తర్వాత ఊపిరి తరిగింది. పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా స్వరం బీటవారింది. ఒకచోట శ్రుతి పక్కకు పోయింది. లోపల నుంచి దగ్గు వినపడింది. ఏడుకొండలు కళ్ళు గట్టిగా మూసుకుని శ్రుతి సరిచేసుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. చూసి చూసి జనం పల్చబడ్డారు. సురేష్ బాబు విసుగుపుట్టి లోపలికి పోయాడు. ఏడుకొండలు కింది పెదవి చిట్లి, పీక దగ్గర ఎర్రగా కనిపించింది. నాకు ఆ రాజు గుర్తొచ్చాడు. ఏడుకొండలుకూ గుర్తొచ్చే ఉంటాడు.

అప్పుడు సౌజన్య పళ్ళెం పట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు.

"తీసుకో తాతా. మామ్మ ఇమ్మంది."

ఏడుకొండలు ఒక చేత్తో ఆకూ వక్కా అందుకున్నాకే పీక నోట్లోంచి తీశాడు. "అమ్మగారు..."

"రానంది. కోపం ఇంకా పోలేదంట." ఆ పిల్ల కాస్త ఆగి, "ఇంకోటి కూడా చెప్పమంది తాతా. నేనేం నిద్రపోలేదు, మొదటి నుంచీ వింటూనే ఉన్నానని చెప్పు అంది. అంటే ఏంటి?"

ఏడుకొండలు సన్నాయి రామకోటికిచ్చి, కండువా రెండు చేతులా పరిచి మిగతా తాంబూలం అందులో వేయించుకున్నాడు. "నీ పెళ్ళికి నేను తుమ్మానమ్మా" అన్నాడు.

"ఊరుకో తాతా. నేను వెనక్కి తిరిగి నవ్వుకున్నా. ఆయనకి ఇంతవరకూ చెప్పలా."

అందరం నవ్వుతామేమో అనుకున్నాను. అతను నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి, నడుం వంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కొంగు కదల్లేదు. ఆటో ఎక్కేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

వినగడప వాళ్ళకు తనే కబురు పెట్టి ఆ పెళ్ళికి వెళ్ళాడు, ఊదాడు. అసలు సన్నాయితో. పెనుగొలను ఇంటి నుంచి మాత్రం పిలుపు మళ్ళీ రాలేదు. నాగేంద్రమ్మ గారు డాక్టరు దగ్గరికి తిరువూరు వచ్చి మా సందు ముందు నుంచే కారులో వెళతారు. ఆ కారు కనపడితే ఏడుకొండలు సెలూను లోపలికి తప్పుకుంటాడు.

పాత సన్నాయిని గోడ మీద మళ్ళీ తగిలించలేదు. దుమ్మంతా కడిగి, నూనె పట్టించి, పగిలిన మూతికి ఇత్తడి పట్టీ వేయమని నా దగ్గరికి తెచ్చాడు. వేశాను. ఇప్పుడది ఊదితే పలుకుతుంది. ఎక్కడికి వెళ్ళినా రెండూ పట్టుకెళతాడు.

మొన్న ఒక కొత్త కుర్రవాడు గడ్డానికి కూర్చుని, మీ ముత్తాత రాజుగారి దగ్గర ఉండేవారట కదా అని అడిగాడు. రేకు గోడ ఇవతల నేను సుత్తి ఆపాను.

"ఉండేవాడు" అన్నాడు ఏడుకొండలు. "రాజు అన్నం తిని నిద్రపోయాడు. ఆకు వక్క ఇచ్చేవాడు లేక మావాడు ఊదుతూనే ఉన్నాడు. గడ్డం పైకెత్తు."